కంగారూ మన ఊళ్లో ఎందుకు లేదు?



గత నెల పేరెంట్ టీచర్ మీటింగ్‌లో ఒక సార్ వాళ్ల అబ్బాయి బయాలజీ నోట్సు తెచ్చి నా టేబుల్ మీద తెరిచి పెట్టారు. మూడు పేజీల నిండా ఇండోనేషియా మ్యాపు, మధ్యలో ఎర్ర పెన్నుతో గీసిన గీత, గీతకు ఎడమ పక్కన పులి బొమ్మ, కుడి పక్కన కాకతువా బొమ్మ. (పులి కొంచెం పిల్లిలా ఉంది, అది వేరే సంగతి.) "ఇది పరీక్షకు వస్తుందా మేడమ్?" అని అడిగారు. "రాదండీ" అన్నాను. "మరి రెండు పీరియడ్లు దీనికెందుకు పెట్టారు?" అన్నారు. వెనక ఇంకా చాలామంది పేరెంట్స్ లైన్లో ఉన్నారు. ఏదో నాలుగు మాటలు చెప్పి పంపించాను. ఆయనకు తృప్తి కలగలేదని ముఖం చూస్తేనే తెలిసింది. నిజం చెప్పాలంటే నాకూ కలగలేదు. ఆ రోజు చెప్పాల్సిన జవాబు ఈ నెల ఇక్కడ రాస్తున్నాను.

ముందు సిలబస్ సంగతి చెప్పేస్తాను. సీబీఎస్ఈ పిల్లలు చదివే ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్సు పుస్తకంలో ఒకప్పుడు 'అనువంశికత, పరిణామం' అని ఒకే పాఠం ఉండేది. కరోనా తర్వాత పిల్లల మీద భారం తగ్గించాలని చేసిన కోతల్లో పరిణామం భాగం పోయింది. 2023లో వచ్చిన పుస్తకంలో పాఠం పేరు 'అనువంశికత' మాత్రమే. జీవ పరిణామం ఇప్పుడు పన్నెండో తరగతి బయాలజీలో ఉంది. అంటే ఇంటర్‌లో ఎంపీసీ తీసుకునే పిల్లలకు, కామర్స్ తీసుకునే పిల్లలకు ఈ పాఠం మళ్లీ ఎప్పుడూ ఎదురుపడదు. మా క్లాసులో సగానికి పైగా అలాంటి పిల్లలే. అందుకే రెండు పీరియడ్లు పెట్టాను. అది నా నిర్ణయం.

అయితే ఆ పీరియడ్లు ప్లాన్ చేసి మొదలుపెట్టినవి కావు. ఒక అమ్మాయి అడిగిన ప్రశ్నతో మొదలయ్యాయి. "మేడమ్, కంగారూ ఆస్ట్రేలియాలోనే ఎందుకుంది? మన ఊళ్లో ఎందుకు లేదు?" క్లాసు నవ్వింది. నేను జవాబు చెప్పకుండా క్లాసునే అడిగాను. దాదాపు అందరూ చెప్పిన జవాబు ఒకటే: "అక్కడి క్లైమేట్ దానికి సూట్ అవుతుంది కాబట్టి."

మీరూ అదే అనుకుంటూ ఉంటే తప్పేమీ లేదు. పదో తరగతిలో నేనూ అదే రాశాను, మార్కులు కూడా పడ్డాయి. కానీ ఆ జవాబు నిలబడదు. జామాయిల్ తోటలు మీరందరూ చూసే ఉంటారు. ఖమ్మం వైపు వెళ్తే రోడ్డుకు రెండు పక్కలా అవే. ఆ చెట్టు సొంత దేశం ఆస్ట్రేలియా. మనిషి తెచ్చి నాటితే ఇక్కడ హాయిగా పెరుగుతోంది. అలాగే 1859లో ఒక భూస్వామి వేట సరదా కోసం ఇంగ్లండ్ నుంచి కొద్దిపాటి కుందేళ్లను ఆస్ట్రేలియాకు తెప్పించి వదిలాడు. కొన్ని దశాబ్దాల్లోనే అవి కోట్లకు చేరి పంటలను, పచ్చికను తినేసి దేశానికే తలనొప్పి అయ్యాయి. క్లైమేట్ బాగా సరిపోయింది. మరి మనిషి తెచ్చేదాకా అక్కడ కుందేలు ఎందుకు లేదు? ఇక్కడ జామాయిల్ ఎందుకు లేదు?

ఈ ప్రశ్నను పట్టుకుని ఒక మనిషి ఎనిమిదేళ్లు దీవుల్లో తిరిగాడు. ఆయన కథే ఆ మూడు పేజీలు.

ఆయన పేరు ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్. 1823లో పుట్టాడు. ఇంట్లో డబ్బు లేక పద్నాలుగేళ్ల వయసుకే బడి మానేశాడు. అన్నతో కలిసి పొలాలు కొలిచే సర్వే పని చేశాడు. పురుగులు, మొక్కలు సేకరించడం సరదాగా మొదలై పిచ్చిగా మారింది. 1848లో ఒక స్నేహితుడితో కలిసి అమెజాన్ అడవులకు వెళ్లాడు. అక్కడ దొరికిన పిట్టలను, సీతాకోకచిలుకలను లండన్‌కు పంపి అమ్మితేనే తిండి. నాలుగేళ్ల తర్వాత, 1852లో తిరిగి వస్తుంటే సముద్రం మధ్యలో ఓడకు నిప్పంటుకుంది. తనతో తెస్తున్న సేకరణ, నోట్సు దాదాపు అంతా కాలిపోయింది. చిన్న పడవలో పది రోజులు తేలి, ఇంకో ఓడ కంటబడి బతికాడు. ఇది చెప్పినప్పుడు క్లాసులో చప్పుడు లేదు. వెనక బెంచీ అబ్బాయి ఒకడు, "బ్యాకప్ లేదా మేడమ్?" అన్నాడు. లేదు. 1852లో బ్యాకప్ లేదు.

రెండేళ్లు తిరక్కుండానే, 1854లో మళ్లీ ఓడ ఎక్కాడు. ఈసారి సింగపూర్ వైపు. 1862 దాకా ఇప్పటి మలేషియా, ఇండోనేషియా దీవుల్లో తిరిగి లక్షా పాతికవేలకు పైగా నమూనాలు పోగేశాడు. ఒక్కడే చేశాడని చెప్పడం అన్యాయం. సారవాక్‌కు చెందిన అలీ అనే యువకుడు ఆయనతో పాటు చాలా ఏళ్లు ఉండి పక్షులను వేటాడి, చర్మం చెడకుండా భద్రం చేశాడు. ఇప్పుడు వాలెస్ పేరుతో పిలిచే ఒక స్వర్గ పక్షిని మొదట పట్టింది అలీయే. పుస్తకాల్లో అలీ పేరు చిన్న అక్షరాల్లో ఉంటుంది. మా క్లాసులో మాత్రం బోర్డు మీద రెండు పేర్లూ ఒకే సైజులో రాశాను.

1856లో వాలెస్ సింగపూర్ నుంచి మకస్సర్ వెళ్లాలనుకున్నాడు. నేరుగా వెళ్లే ఓడ దొరకలేదు. చుట్టుతిరిగి బాలి మీదుగా వెళ్లాల్సి వచ్చింది. బాలిలో కొద్ది రోజులుండి, పక్కనున్న లొంబోక్ దీవికి దాటాడు. ఆ ఓడ నేరుగా దొరికి ఉంటే ఈ పాఠం వేరేలా ఉండేది.

మ్యాపులో బాలి, లొంబోక్ పక్కపక్కనే కనిపిస్తాయి. మధ్యలో ఉన్న లొంబోక్ జలసంధి వెడల్పు చోటును బట్టి 20 నుంచి 40 కిలోమీటర్లు. మన మియాపూర్, ఎల్బీ నగర్ మెట్రో లైను పొడవు 29 కిలోమీటర్లు. ఇంచుమించు అంత దూరం అనుకోండి. రెండు దీవులూ అగ్నిపర్వతాల దీవులే. రెంటిలోనూ ఒకే రకం ఎండ, వాన. కానీ బాలిలో వాలెస్‌కు వడ్రంగి పిట్టలు, మన కంసాలి పిట్ట కుటుంబానికి చెందిన పిట్టలు కనిపించాయి. అంటే ఆసియా పక్షులు, మనకు చుట్టాలు. లొంబోక్‌లో అడుగుపెట్టేసరికి అవి మాయం. వాటి బదులు తెల్ల కాకతువాలు, తేనె పిట్టల్లాంటి ఆస్ట్రేలియా వైపు పక్షులు, ఆకులూ మట్టీ పోగుచేసి ఆ దిబ్బలో గుడ్లు పెట్టే కోడి లాంటి పక్షులు. బాలిలో పులి ఉండేది (20వ శతాబ్దంలో అంతరించింది). లొంబోక్‌లో పులి లేదు.

క్లైమేట్ జవాబు ఇక్కడే కూలిపోతుంది. క్లైమేట్ ఒకటే అయినప్పుడు ప్రాణులు ఎందుకు వేరు?

జవాబు నీటి కింద ఉంది. మంచు యుగాల్లో సముద్రపు నీటిలో కొంత భాగం ధ్రువాల దగ్గర మంచుగా గడ్డకట్టి, సముద్ర మట్టం ఇప్పటికన్నా దాదాపు 120 మీటర్లు కిందికి దిగింది. బాలికీ జావాకూ మధ్య సముద్రం లోతు తక్కువ, అది ఎండి నేల అయింది. జావా, సుమత్రా, బోర్నియో అన్నీ ఆసియా ఖండంతో కలిసిపోయాయి. పులి నడిచి బాలి దాకా వచ్చింది. లొంబోక్ జలసంధి మాత్రం 250 మీటర్లకు పైగా లోతు. 120 మీటర్లు తగ్గినా అక్కడ నీరు మిగిలే ఉంది. పులి ఒడ్డున ఆగిపోయింది. అవతల వైపు కూడా ఇదే కథ: ఆస్ట్రేలియా, న్యూగినీ అప్పుడు ఒకే భూభాగం. అందుకే న్యూగినీలో ఇప్పటికీ చెట్లెక్కే కంగారూలున్నాయి. అటు నుంచి వచ్చినవి అటే, ఇటు నుంచి వచ్చినవి ఇటే. బాలి, లొంబోక్ మధ్య నుంచి ఉత్తరంగా బోర్నియో, సులవేసి మధ్యకు సాగే ఈ సరిహద్దుకు 1868లో హక్స్‌లీ 'వాలెస్ రేఖ' అని పేరు పెట్టాడు. మీ అబ్బాయి ఎర్ర పెన్నుతో గీసింది అదే సార్.

ఇక కంగారూ. చాలా కాలం కిందట దక్షిణ అమెరికా, అంటార్కిటికా, ఆస్ట్రేలియా ఒకదానికొకటి అంటుకుని ఉండేవి. పొట్ట సంచిలో పిల్లను పెంచే జంతువుల పూర్వీకులు అంటార్కిటికా మీదుగానే ఆస్ట్రేలియా చేరాయి. ఇప్పుడు మంచు తప్ప ఏమీ కనిపించని అంటార్కిటికాలో వాటి శిలాజాలు దొరికాయి. తర్వాత ఆస్ట్రేలియా విడిపోయి ఒంటరి దీవిలా ఉత్తరానికి జరిగింది. దానిమీద ఉన్నవి దానిమీదే కోట్ల ఏళ్ల పాటు మారుతూ వచ్చాయి. మన జింక చేసే పని, అంటే గడ్డి మేయడం, అక్కడ కంగారూ చేస్తుంది. కంగారూ మన ఊళ్లో లేకపోవడానికి ఎండా వానా కారణం కాదు. దారి లేకపోవడం కారణం.

ఇప్పుడు అసలు కష్టమైన భాగం. నేను బీఈడీలో టీచింగ్ ప్రాక్టీసుకు వెళ్లినప్పుడు ఒక తప్పు చెప్పాను. "దీవిలో చిక్కుకున్న జంతువు అక్కడి పరిస్థితులకు తగ్గట్టు తనను తాను మార్చుకుంటుంది" అన్నాను. వినడానికి బాగుంటుంది. చాలా గైడ్లలో ఇలాగే ఉంటుంది. కానీ ఏ జంతువూ తనను తాను మార్చుకోదు. అలా మార్చుకోగలిగితే ఏ జాతీ అంతరించేది కాదు. పిల్లల్లో పుట్టుకతోనే తేడాలుంటాయి. ఆ చోటికి సరిపోయే తేడా ఉన్నవి ఎక్కువ బతికి, ఎక్కువ పిల్లల్ని కంటాయి. తరాలు గడిచేసరికి గుంపు మారుతుంది, విడిగా ఏ ఒక్క జంతువూ మారదు. దీన్నే ప్రకృతి వరణం అంటారు. 1858లో టెర్నేట్ దీవిలో జ్వరంతో పడుకుని ఉన్న వాలెస్‌కు ఈ ఆలోచన వచ్చింది. రాసి డార్విన్‌కు పంపాడు. డార్విన్ అప్పటికి ఇరవై ఏళ్లుగా అదే ఆలోచన మీద పని చేస్తూ బయటపెట్టకుండా ఉన్నాడు. ఆ ఏడాది జూలై 1న లండన్‌లోని లిన్నియన్ సొసైటీలో ఇద్దరి రాతలూ కలిపి చదివారు. బడి పద్నాలుగేళ్లకే ఆగిపోయిన మనిషి!

మాటలతో చెబితే ఈ తేడా పిల్లల తలకెక్కదు. అందుకే పప్పులతో చేయించాను. రెండు టవళ్లు, ఒకటి ఎర్రది, ఒకటి ఆకుపచ్చది. ఇవి రెండు దీవులు. ఒక్కో టవల్ మీద 50 ఎర్ర కందిగింజలు, 50 పచ్చ పెసలు కలిపి చల్లాలి. ఇవి పురుగులు. ఒక పిల్ల లేదా పిల్లాడు పక్షి. పదిహేను సెకన్లలో వేళ్లతో ఒక్కొక్కటిగా ఎన్ని ఏరితే అన్ని తిన్నట్టు. మిగిలినవాటిని లెక్కపెట్టి, ఒక్కోదానికి అదే రంగు గింజ ఇంకొకటి కలపాలి, అంటే పిల్లలు పుట్టాయన్నమాట. మళ్లీ ఏరాలి. నాలుగైదు రౌండ్లు తిరిగేసరికి మామూలుగా ఎర్ర టవల్ మీద కందులు, ఆకుపచ్చ టవల్ మీద పెసలు ఎక్కువైపోతాయి. ఏ గింజా రంగు మార్చుకోలేదు. రెండు దీవుల్లోనూ మొదట ఉన్న గుంపు ఒకటే. అయినా చివరకు రెండు వేరు గుంపులు. (ఇంట్లో పప్పు డబ్బాలు ఖాళీ అయ్యాయని ఇద్దరు అమ్మలు ఫోన్ చేశారు. క్షమించండి. కడిగి వండుకోవచ్చు, పారేయక్కర్లేదు.)

రెండు గుంపులు వేరు జాతులుగా ఎప్పుడు లెక్క? మధ్యలో సముద్రమో కొండో అడ్డంగా ఉన్నంత కాలం అటువీ ఇటువీ జత కట్టవు. తేడాలు కలిసిపోవు, పేరుకుపోతాయి. చివరికి మళ్లీ ఎదురుపడినా జత కట్టలేనంత దూరం వస్తే అప్పుడు వాటిని వేరు జాతులంటాం. పిల్లలకు మన యాసల ఉదాహరణ చెప్పాను. ఒకే తెలుగు, శ్రీకాకుళంలో ఒకలా, చిత్తూరులో ఒకలా, ఆదిలాబాద్‌లో ఇంకోలా వినిపిస్తుంది. ఎవరూ కావాలని మార్చలేదు. దూరమూ కాలమూ మార్చాయి. ఈ పోలిక కొంతవరకే పనిచేస్తుంది. శ్రీకాకుళం వాళ్లు చిత్తూరు వెళ్లి నాలుగేళ్లుంటే అక్కడి మాట పట్టుబడుతుంది. కప్పకు ఆ అవకాశం లేదు.

కప్ప అన్నాను కాబట్టి మన దేశం కథకు వస్తాను. 2003లో ఎస్.డి. బిజు, బెల్జియం శాస్త్రవేత్త ఫ్రాంకీ బాసుయ్ కలిసి కేరళ ఇడుక్కి జిల్లాలో దొరికిన ఒక ఊదారంగు కప్పను ప్రపంచానికి పరిచయం చేశారు. ఉబ్బిన గుండ్రటి ఒళ్లు, పంది ముట్టెలా కోసుగా చిన్న మూతి. అందగత్తె కాదు. ఏడాదిలో ఎక్కువ కాలం భూమి లోపలే ఉండి చెదపురుగులు తింటుంది. తొలకరి వానలకు జత కట్టడానికి కొద్ది రోజులు పైకి వస్తుంది. విచిత్రం ఏమిటంటే ఈ కప్ప కుటుంబానికి దగ్గరి చుట్టాలు మన దేశంలో ఎక్కడా లేవు. దాదాపు 3,000 కిలోమీటర్ల దూరంలో, హిందూ మహాసముద్రం మధ్యలో ఉన్న సీషెల్స్ దీవుల్లో ఉన్నాయి. కప్ప చర్మం గుండా నీరు ఇట్టే లోపలికీ బయటికీ పోతుంది, ఉప్పునీటిలో అంత దూరం ఈదడం కుదరదు.

కప్ప కదల్లేదు. నేల కదిలింది. మన భారత భూభాగం ఒకప్పుడు ఆఫ్రికా, మడగాస్కర్‌లతో కలిసి దక్షిణాన ఉండేది. సుమారు 9 కోట్ల ఏళ్ల కిందట మడగాస్కర్ నుంచి, సుమారు 6.5 కోట్ల ఏళ్ల కిందట సీషెల్స్ నుంచి విడిపోయింది. ఒంటరిగా ఉత్తరానికి జరుగుతూ వచ్చి సుమారు 5 కోట్ల ఏళ్ల కిందట ఆసియాను ఢీకొట్టడం మొదలుపెట్టింది. ఆ ఒత్తిడికి లేచిందే హిమాలయం. మన గోళ్లు ఏడాదికి మూడు నాలుగు సెంటీమీటర్లు పెరుగుతాయి. మన నేల అంతకు నాలుగు రెట్ల వేగంతో ప్రయాణించిన కాలం ఉంది. ఆ నావ మీద ఎక్కి వచ్చిన పాత ప్రయాణికుల్లో ఒకటి ఈ కప్ప. ఇది చెబుతున్నప్పుడు సోషల్ మేడమ్ చెప్పిన ఖండ చలనం, నేను చెప్పే బయాలజీ ఒకే పాఠమని పిల్లలకు అర్థమైంది. నాకు ఆ రోజు ఎక్కువ సంతోషమిచ్చింది అదే.

అడ్డు అంటే సముద్రమే కానక్కర్లేదు. పశ్చిమ కనుమల్లో పాలక్కాడ్ దగ్గర కొండలు తెగి 30, 40 కిలోమీటర్ల వెడల్పున పల్లం ఉంది. రైళ్లు, లారీలు హాయిగా వెళ్తాయి. కానీ పైన చల్లటి అడవిలో నేల మీద తిరిగే చిన్న నీలి పిట్టకు ఆ వేడి పల్లం సముద్రంతో సమానం. ఉత్తరాన నీలగిరుల్లో ఉన్నది ఒక జాతి, దక్షిణాన ఉన్నది వేరే జాతి. ఊటీ వెళ్లేవారూ కొడైకెనాల్ వెళ్లేవారూ చూసే నీలి పిట్టలు వేరువేరు.

ఇంత దూరం వెళ్లడం ఎందుకు, తిరుమల వెళ్దాం. కంచిలో బంగారు బల్లిని తాకి వచ్చినవాళ్లు మనలో చాలామంది ఉంటారు. ప్రాణమున్న బంగారు బల్లి శేషాచలం కొండల్లో ఉంది. మగ బల్లి నిజంగానే పసుపు పూసినట్టు మెరుస్తుంది. పగలు రాతి చీలికల్లో దాక్కుని రాత్రి తిరుగుతుంది. చాలా బల్లులు కలిసి ఒకే చోట రాతికి గుడ్లు అంటించి పెడతాయి. ప్రపంచంలో ఈ ప్రజాతికి చెందిన బల్లులు రెండే జాతులు. ఒకటి మన తూర్పు కనుమల్లో ఉంటే రెండోది శ్రీలంకలో ఉంది. మధ్యలో సముద్రం ఉంది కదా అంటారేమో. మనకూ శ్రీలంకకూ మధ్య ఆ సముద్రం చాలా తక్కువ లోతు. 120 మీటర్ల లెక్క గుర్తుందిగా? నీరు దిగినప్పుడల్లా అది నేల, పెరిగినప్పుడల్లా అది కడలి. బాలి, జావాల కథే మన ఇంటి ముందు కూడా జరిగింది.

అదే కొండల్లో ఎర్రచందనం. 'పుష్ప' సినిమా పుణ్యమా అని ఇప్పుడు చెట్టు పేరు చెప్పక్కర్లేదు. కానీ అది సహజంగా పెరిగేది శేషాచలం, వెలిగొండ, పాలకొండ, నల్లమల వంటి తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే, రాళ్ల నేలలో, ఎండ మండే కొండవాలుల్లో. ఒకే చోట ఉండే ఇలాంటివాటిని ఎండమిక్ జాతులు అంటారు. వాటికి ఆ చోటే బలం, ఆ చోటే ప్రమాదం. కడప జిల్లా కలివి కోడిని చూడండి. ముళ్లపొదల మధ్య రాత్రిపూట పరుగెత్తే చిన్న పక్షి. 1848లో శాస్త్ర రికార్డుల్లోకి ఎక్కింది. 1900 తర్వాత ఎవరికీ కనిపించక, అంతరించిందనే అనుకున్నారు. 1986లో సిద్ధవటం ప్రాంతంలో మళ్లీ దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వారు ఏళ్ల తరబడి వెతికినా, చివరికి దారి చూపింది ఆ పక్షిని పేరు పెట్టి పిలిచే అక్కడి వేటగాళ్లే. దాని కోసమే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పాటైంది. కాకిని ఒక ఊళ్లో లేకుండా చేస్తే పక్క ఊళ్లో ఉంటుంది. కలివి కోడికి పక్క ఊరు లేదు. ఆ పొదలు చదును చేస్తే ప్రపంచం మొత్తంలో లేకుండా పోతుంది. రేపు మా పిల్లల్లో ఎవరైనా ఇంజనీరై కాలువో రోడ్డో గీస్తే, ఎంపీసీ చదివిన ఆ చేతికి ఈ సంగతి తెలిసి ఉండాలని నా కోరిక. సిలబస్ దాటి వెళ్లడానికి ఇంతకన్నా పెద్ద కారణం నా దగ్గర లేదు.

మార్కుల మాట కూడా దాచను. పదో తరగతి బోర్డు పేపర్లో ఇప్పుడు సగం దాకా సామర్థ్య ఆధారిత ప్రశ్నలే, అంటే చూడని విషయం ఇచ్చి ఆలోచించి రాయమనేవి. బాలి, లొంబోక్ నేరుగా రాదు. కానీ "క్లైమేట్ ఒకటే అయితే మరి ఇంకేం కారణం?" అని ఆగి అడిగే అలవాటు అక్కడ పనికొస్తుంది. అయినా దీనికోసమే చెప్పానంటే అబద్ధం అవుతుంది.

ఇంట్లో మీరు చేయగలిగింది కొంచెమే, ఖర్చు లేనిది. జూ పార్కుకు వెళ్తే బోర్డు మీద జంతువు పేరుతో ఆగకుండా అది ఏ దేశానిదో చదివించి, "ఇది మన దగ్గర ఎందుకు లేదు?" అని అడగండి. జవాబు మీకు తెలియకపోయినా ఫర్వాలేదు. "అక్కడి క్లైమేట్" అని వెంటనే చెబితే జామాయిల్ చెట్టు గుర్తు చేయండి. మార్కెట్‌కు వెళ్తే మిరపకాయ ఎక్కడిదో అడగండి. మన గుంటూరుదే అంటారు. పోర్చుగీసువారు రాకముందు ఈ దేశంలో మిరపకాయ లేదని చెబితే, మా క్లాసులో ఆవకాయ గురించి పావుగంట గొడవైంది. నానమ్మ, తాతయ్య ఇంట్లో ఉంటే వాళ్ల ఊళ్లో ఒకప్పుడు కనిపించి ఇప్పుడు కనిపించని పిట్టల పేర్లు రాయించండి. తెలుగు పేర్లే రాయించండి, ఇంగ్లిష్ పేరు మేం వెతికి పెడతాం.

ఈ శుక్రవారం తొమ్మిది, పది తరగతుల పిల్లలందరికీ ప్రపంచ అవుట్‌లైన్ మ్యాపు ఒకటి ఇస్తున్నాను. వంటింట్లోంచి ఐదు వస్తువులు తీసుకుని, వాటి మొక్కలు సహజంగా ఏ దేశంలో పుట్టాయో మ్యాపులో గుర్తించి, అక్కడి నుంచి మన దాకా గీత గీయాలి. గ్రేడు లేదు. రంగులు కొనక్కర్లేదు, పెన్సిల్ చాలు. మీరు సాయం చేయవచ్చు, కానీ దయచేసి మీరే గీసి పంపకండి, చేతిరాత నాకు తెలిసిపోతుంది. సోమవారం మొదటి పీరియడ్‌కు తెస్తే చాలు.